గొట్టం యాడికి పెడతాండారు?

అక్క ఫోన్ చేసేసరికి నేను మందుల షాపులో పై అరలోంచి సెలైన్ బాటిళ్లు దించుతున్నాను. నంద్యాలలో మా ఆయనా నేనూ కలిసి నడుపుకునే చిన్న షాపు అది. పొద్దునపూట అక్క ఎప్పుడూ ఫోన్ చేయదు. ఆ వేళకు ఆళ్లగడ్డలో ఆమెకు వంటపని, బావకు క్యారియర్ కట్టే పని ఉంటుంది. అందుకే ఫోన్ మీద అక్క పేరు చూడగానే బాటిళ్లు కింద పెట్టేశాను.

"పాప బాత్రూంలో పడిపోయిందే," అంది అక్క. "పిలిస్తే పలకలా. మీ బావ తలుపు పగలగొట్టినాడు. ఇప్పుడు కండ్లు తెరిచింది గానీ ఏందేందో మాట్లాడ్తాంది."

పాప అంటే అక్క కూతురు. అక్కకు ఒక్కతే బిడ్డ. డిగ్రీ చదువుతోంది, అయినా మా అందరికీ ఇంకా పాపే.

"దెబ్బ తగిలిందా?"

"తగల్లా. కక్కుకుంటాంది. తల పగిలిపోతాంది అంటాంది."

"ఈడికి తీసుకరా అక్కా. ఇప్పుడే."

"ఈడ డాక్టరు సూసినాడు లే. నీరసమంట. ఏమీ తినకుండా తలంటి పోసుకునింది గదా."

"నీరసానికి ఏందేందో మాట్లాడ్తారా? తీసుకరా అంటాంటే!"

నేను అరిచిన అరుపుకు కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి చీటీ వెనక్కి లాక్కున్నాడు.

బావ తెలిసినవాళ్ల కారు అడిగి బయల్దేరాడు. వాళ్లు వచ్చేదాకా నేను ఆసుపత్రి గేటు దగ్గర కూర్చోలేకపోయాను, నిలబడలేకపోయాను. రోడ్డు మీదికి పోయి ఆళ్లగడ్డ వైపు నుంచి వచ్చే ప్రతి కారునూ చూడడం, మళ్లీ లోపలికి పోయి చీటీలు రాసే అమ్మాయిని డాక్టరు ఉన్నారా అని అడగడం. ఆ అమ్మాయి నన్ను చూసి, "ఉన్నారక్కా, యాడికీ పోరు, కూచో," అని విసుక్కుంది.

కారు దిగినప్పుడు పాప నడుస్తోంది గానీ, కాళ్లు ఆమెవి కానట్టు నడుస్తోంది. నన్ను చూసి, "చిన్నమ్మా, ఈరోజు కాలేజీ లేదా?" అంది. ఆదివారం కాదు, సెలవు కాదు. నేను ఆమె చేయి పట్టుకుని లోపలికి నడిపించాను. బావ ఒంటి మీద రాతిదుమ్ము ఇంకా అలాగే ఉంది. ఆయన విగ్రహాలు చెక్కుతాడు. తెల్లారకముందే షెడ్డుకు పోయి, మధ్యలో ఇంటికి వచ్చి నీళ్లు పోసుకుని, తిని, మధ్యాహ్నానికి క్యారియర్ తీసుకుపోవడం ఆయన అలవాటు. ఆరోజు ఆయన ఇంటికి వచ్చిన వేళకే పాప లోపల పడి ఉంది. కొంచెం ఆలస్యంగా వచ్చి ఉంటే అన్న మాట మేమెవరం పైకి అనలేదు.

డాక్టరమ్మ చాలా ప్రశ్నలు వేసింది. ఫిట్స్ ఉన్నాయా, నెలసరి ఎప్పుడు, నిన్న రాత్రి ఏం తిన్నది. అక్క అన్నింటికీ జవాబు చెప్పింది. ఆమె రాయడం ఆపి, ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తింది.

"బాత్రూంలోనే కదా పడిపోయింది. నీళ్లు దేంతో కాగుతాయి మీ ఇంట్లో?"

"గ్యాస్ గీజరు మేడం," అన్నాడు బావ.

"అది ఎక్కడుంది?"

"బాత్రూంలోనే."

"దానికి పొగ బయటికి పోయే గొట్టం?"

బావ అక్క వైపు చూశాడు. "పొగేం రాదు మేడం దానికి. మంట నీలంగా వస్తాది."

"కిటికీ ఉందా?"

ఈసారి అక్క తల వంచుకుంది. చిన్న వెంటిలేటర్ ఉందట. చలిగాలి కొడుతోందని దానికి అట్టముక్క అడ్డం పెట్టిందట.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి నర్సును కేకేసింది. పాప ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు, రక్తం తీశారు. తర్వాత ఆమె మాకు నెమ్మదిగానే చెప్పింది. మూసిన గదిలో గ్యాస్ మండితే గాలిలోని ఆక్సిజన్ తగ్గిపోతుంది. అప్పుడు మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, దగ్గు రాదు. తల నొస్తుంది, వాంతి వస్తుంది, కాళ్లలో బలం పోతుంది. అప్పటికి తలుపు గడియ తీయాలన్న తెలివి కూడా ఉండదు.

"గ్యాస్ లీకైతే వాసనొస్తాది కదా మేడం," అంది అక్క.

"ఇది లీకు కాదమ్మా. మండిన తర్వాత పుట్టేది. సిలిండర్ వాసన దీనికి ఉండదు."

ఆ సాయంత్రం వార్డు బయట బెంచీ మీద కూర్చుని ముగ్గురం ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టాం. చలి మొదలైనప్పటి నుంచి పాపకు తలనొప్పి. ఫోన్ ఎక్కువ చూస్తోందని అక్క తిట్టి, కళ్లద్దాలు చేయించింది. బావకు స్నానం చేశాక కడుపులో తిప్పేది. రాతిదుమ్ము మింగడం వల్లనుకుని బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు. అక్కకు నీళ్లు పోసుకుని వచ్చాక గుండె దడ. ఆమె దానికి వయసు అని పేరు పెట్టుకుంది. ఇంట్లో ముగ్గురికీ మూడు రోగాలు, మూడు కారణాలు. అన్నీ ఆ చిన్న గదిలోంచే వస్తున్నాయని ఎవరికీ తట్టలేదు.

బావ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు. "నేనే కొన్నా దాన్ని," అన్నాడు. అంతకుముందు వాళ్లింట్లో కట్టెల బాయిలర్ ఉండేది. దాని పొగ అక్కకు పడదని తీసేసి, తెల్లటి పెట్టె లాంటి గీజర్ తెచ్చి బిగించాడు. అక్క ఆయన చేతి మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

సరిగ్గా అప్పుడు నాకు మా ఇంటి బాత్రూం కళ్ల ముందు మెదిలింది. అదే రకం తెల్లపెట్టె. అదే నీలం మంట. ఆ వేళకు మా ఆయన షాపు నుంచి ఇంటికి పోయి నీళ్లు పోసుకుంటాడు. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఆసుపత్రి నుంచి మా ఇంటికి ఆటోలో ఎంతోసేపు పట్టదు, కానీ ఆరోజు దారిలో ప్రతి గేదె, ప్రతి ట్రాక్టరూ నాకోసమే అడ్డం నిలబడినట్టు అనిపించింది. ఇంట్లోకి పరిగెత్తి బాత్రూం తలుపు రెండు చేతులతో బాదాను. అది తెరిచే ఉంది. లోపల ఎవరూ లేరు. ఆయన వీధి చివర టీ తాగుతూ, ఫోన్ బండి డిక్కీలో పెట్టి ఉన్నాడు.

నేను గీజర్ కిందున్న గ్యాస్ కట్టేసి, రెగ్యులేటర్ ఊడదీసి, అలమారలో పెట్టి తాళం వేశాను.

"ఇన్నేండ్ల నుంచి ఏమీ కాలేదు గదా," అన్నాడు ఆయన వచ్చి.

"పాపకు గూడా నిన్నటిదాకా ఏమీ కాలా," అన్నాను.

ఆ వారమే మా గీజర్‌ను బాల్కనీలోకి మార్పించాం. మాది మేడ, ఒకవైపు మొత్తం తెరిచిన బాల్కనీ, కాబట్టి మా పని తేలిగ్గా తేలిపోయింది. ఆళ్లగడ్డది అలా తేలలేదు.

పాపకు తగ్గింది. మాటలు సరిగ్గా వచ్చాయి, రోజులు గుర్తుకొచ్చాయి. డాక్టరమ్మ మళ్లీ మళ్లీ పరీక్షించి ఇంటికి పంపించింది. గీజర్ సంగతి తేలేదాకా పొయ్యి మీద నీళ్లు కాచుకోమని చెప్పింది. కానీ బావకు అవి తీరిక రోజులు కావు. శివరాత్రి ముందు విగ్రహాల పని ఎక్కువ. పొద్దంతా గ్రైండర్ల దగ్గర నిలబడి, తెల్లటి మనిషిలా ఇంటికొస్తాడు. చన్నీళ్లకు ఆ దుమ్ము వదలదు. అక్క బిందెలు బిందెలు కాచి మోయాలి. అందుకే గొట్టం పెట్టించి గీజర్ మళ్లీ వాడదామని బావ నిర్ణయించాడు. నంద్యాలలో గీజర్లు బిగించే పనాయన ఒకరు మాకు తెలుసు. మా గీజర్ మార్చింది కూడా ఆయనే. నేను ఆయనను వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. మా ఆయన, "నువ్వెందుకు పోవడం? పనాయన పోతాండాడు గదా," అన్నాడు. నేను పోకుండా షాపులో కూర్చోవడం నా వల్ల అయ్యేది కాదు.

మేం చేరేసరికే బావ పని మొదలుపెట్టేశాడు. బాత్రూం గోడ నాపరాళ్లతో కట్టిన పాతగోడ, చాలా మందం. డ్రిల్లు తెచ్చేదాకా ఆగలేక, ఉలీ సుత్తీ పట్టుకుని ఆయనే గుండ్రంగా కన్నం కొట్టాడు. అంచు ఎక్కడా పెచ్చులు లేవకుండా, విగ్రహానికి కన్ను తెరిచినట్టు కొట్టాడు. చూపించి, "ఎట్లుండాది?" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో కొంచెం వెలుగు చూశాను.

పనాయన కన్నంలోంచి బయటికి చూశాడు. "సరిపోతాది అన్నా. ఈడనుంచి సందులోకి వదిలేద్దాం."

"మిగిలిన పీవీసీ పైపు ఉండాది ఇంట్లో. దాన్నే పెడితే?" అన్నాడు బావ.

"అది వేడికి కరిగిపోతాదన్నా. స్టీలుదే పెట్టల్ల. నేను తెచ్చినా."

ఆ సందు చాలా ఇరుకు. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒత్తిగిలి నిలబడాలి. అవతల, అందరూ బూబమ్మ అని పిలిచే ఒక ముసలావిడ ఇల్లు. పరుపులు, దుప్పట్లు కుట్టి బతుకుతుంది. ఆమె కోడలు ఈమధ్యే పురిటికి పోయి, చంటిబిడ్డతో తిరిగొచ్చింది. గోడ అవతల సుత్తి దెబ్బలు విని ముసలావిడ కిటికీ తెరిచింది. ఆ కిటికీ సరిగ్గా బావ కొట్టిన కన్నానికి ఎదురుగా ఉంది.

"ఏం నాయనా, ఆ గొట్టం యాడికి పెడతాండారు?"

"సందులోకి బూబమ్మా. గీజరుది," అన్నాడు బావ.

"మీ పాప పడిపోయింది దానివల్లనే అంట గదా?"

పనాయన అందుకుని, "పొగేం రాదమ్మా. కంటికి గూడా అగుపడదు," అన్నాడు.

"అగుపడితే కిటికీ మూసుకుంటా. అగుపడందానికి ఎప్పుడు మూయల్ల, ఎప్పుడు తెరవల్ల? లోపల పసిబిడ్డ పండుకోనుండాది."

"రోంతసేపే బూబమ్మా మండేది," అన్నాడు బావ. గొంతు కొంచెం కటువుగా ఉంది.

"మీ పాప గూడా రోంతసేపే గదా నీళ్లు పోసుకునింది."

నేను బావ పక్కకు వెళ్లి, "ఆమె చెప్పేది నిజమే బావా," అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. పొద్దున్నుంచి చేతులు బొబ్బలెక్కేలా కొట్టిన కన్నం అది. సుత్తి కింద పడేసి, "అయితే మీరే పెట్టుకోండి యాడ పెట్టుకుంటారో," అని షెడ్డుకు వెళ్లిపోయాడు.

అక్క లోపల వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టసాగింది. పాప తలుపు దగ్గర నిలబడి మమ్మల్ని చూస్తోంది. పనాయన గొట్టం ముక్కలు చేతిలో పట్టుకుని, నా ముఖం చూస్తూ, "నేను బస్సు పట్టుకోవల్లక్కా, ఏదో ఒకటి చెప్పండి," అన్నాడు. ఇల్లంతా తిరిగాను. ముందు వైపు పడకగది. ఒకవైపు సందు. ఇంకోవైపు ఇంకొకరి గోడ. వెనకాల మాత్రం వంటింటిని ఆనుకుని రేకులు దించిన పంచ ఉంది, అంట్లు తోమేది అక్కడే. వంటింట్లోంచి తలుపు లేని దారి, ఒక కిటికీ, పెరట్లోకి ఒక తలుపు.

"ఈడ పెడితే?" అన్నాను. "బాత్రూంలోకి నీళ్లపైపు మాత్రం పోతాది. గీజర్ ఈడ."

పనాయన రేకుల వైపు చూసి, మేడ పిట్టగోడ వైపు చూసి తల ఊపాడు. "బాత్రూంలో లేకపోతే మేలే. కాకపోతే గొట్టం రేకు కంటే పైకి, పిట్టగోడ దాటి పోవల్ల. లేకుంటే గాలి గోడకు తగిలి పొగను మళ్లీ కిందికి తోస్తాది. నాకు ఇంకో రెండు ముక్కలు కావల్ల."

పాప పోయి బావను పిలుచుకొచ్చింది. ఏం చెప్పి పిలుచుకొచ్చిందో నేను అడగలేదు. ఆయన వచ్చి నిచ్చెన వేసి, పనాయన రేకు కోస్తుంటే కింద పట్టుకున్నాడు. గీజర్ పైనుంచి గొట్టం ముందు నిటారుగా లేచింది. రేకు కోసిన చోట గొట్టం తగలకుండా చుట్టూ జాగా వదిలి, వాన లోపలికి దిగకుండా పైన రేకు పట్టీ వేశారు. అతుకు అతుక్కీ స్క్రూలు బిగించి, కదలకుండా గోడకు క్లాంపులు కొట్టారు. పిట్టగోడ దాటాక చివర్న టోపీలాంటి మూత. మేడ ఎక్కి చూశాను. దగ్గర్లో ఎవరి కిటికీ లేదు. ముసలావిడ కూడా తన మేడ ఎక్కి చూసి ఏమీ అనకుండా దిగిపోయింది. ఆమె ఏమీ అనకపోవడమే నాకు కొంచెం ఊపిరి.

మధ్యాహ్నం దాటింది. గీజర్ వెలిగించారు. నీలం మంట లేచింది. బాత్రూం కొళాయిలో వేడినీళ్లు వచ్చాయి. పనాయన దేవుడి గూట్లోంచి ఒక ఊదుబత్తి అడిగి తీసుకుని, వెలిగించి, గీజర్ నెత్తిన గొట్టం మొదలయ్యే చోట పెట్టాడు. ఊదుబత్తి పొగ సన్నటి దారంలా వంగి లోపలికి పోయింది.

"సూడండక్కా, లాగుతాంది. పొగ లోపలికి పోతాంటే గొట్టం పని చేస్తాండాదని లెక్క," అని సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడు.

నేను ఊదుబత్తి తీసుకుని అక్కడే నిలబడ్డాను. ఎందుకో కదలబుద్ధి కాలేదు. ఒకసారి చూసిన దాన్ని నేను నమ్మలేని స్థితిలో ఉన్నాను. పాప బాత్రూం తలుపు గడియ తీసేయించింది. ఏ గదిలోకి పోయినా మొదట కిటికీ చూస్తోంది. నా పని కూడా అంతే అయింది. అక్క వంటింట్లో పప్పుకు తిరగమాత పెడుతోంది. మిరపకాయల ఘాటుకు దగ్గు వచ్చి, గోడకున్న ఫ్యాను వేసింది. గాలిని బయటికి లాగే ఫ్యాను అది.

నా చేతిలో ఊదుబత్తి పొగ ఆగింది. నిటారుగా ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగి నా ముఖం మీదికొచ్చింది. గీజర్ పైనుంచి వేడిగాలి నా నుదుటికి తగిలింది.

"ఆపక్కా! ఫ్యాన్ ఆపు! గ్యాస్ కట్టేయండి!"

అందరూ పరిగెత్తుకొచ్చారు. అక్క చేతిలో గరిటె అలాగే ఉంది. "ఏమైందే?"

"పొగ వెనక్కి వస్తాంది."

"గాలికి అట్ల అయితాదిలే అక్కా," అన్నాడు పనాయన, సంచి భుజాన వేసుకుంటూ.

"గాలికి కాదు. మల్ల వేయి ఫ్యాను."

ఫ్యాను ఆపితే పొగ గొట్టంలోకి పోయింది. వేస్తే వెనక్కి వచ్చింది. మళ్లీ ఆపారు, మళ్లీ వేశారు. బావ ఇప్పుడు మా వెనక నిలబడి చూస్తున్నాడు. పనాయన సంచి దించాడు. పంచ కిటికీ మూసి ఉందని, పెరటి తలుపు మూసి ఉందని అప్పుడు గమనించాం. వంటింటి ఫ్యాను గాలిని బయటికి లాగుతుంటే, లోపలికి రావడానికి వేరే దారి లేక, గొట్టంలోంచే కిందికి దిగుతోంది. తనతోపాటు ఆ కనపడని విషాన్ని కూడా పంచలోకి, అక్కడినుంచి వంటింట్లోకి తెస్తోంది.

పనాయన కిటికీ తెరిచాడు. ఫ్యాను తిరుగుతున్నా పొగ మెల్లగా మళ్లీ పైకి వంగింది.

"కిటికీ తెరిచి పెట్టుకోండి, అంతే," అన్నాడాయన. కానీ ఈసారి ఆ మాట అంత ధీమాగా అనలేదు. "నాకు ఈ ఫ్యాన్ సంగతి తట్టలేదన్నా. నిజం."

"చలికాలంలో నేను మూయకుండా ఉంటానా?" అంది అక్క. "మూస్తా. నా సంగతి నాకు తెలుసు. దోమలకు మూస్తా, పిల్లికి మూస్తా."

ఎవరికీ నవ్వు రాలేదు. ఆమె చెప్పింది నిజం. అట్టముక్క పెట్టిన చేయి మళ్లీ ఏదో ఒకటి పెడుతుంది.

బావ సిలిండర్ నుంచి రెగ్యులేటర్ ఊడదీశాడు. "ఇంగ ఎవరూ వెలిగించొద్దు. నేను చెప్పేదాకా," అన్నాడు.

నంద్యాలకు తిరిగొచ్చాక నాకు పని మీద మనసు నిలవలేదు. ఒక చీటీకి ఇవ్వాల్సిన మందు ఇంకో చీటీకి ఇవ్వబోతే మా ఆయన ఆపాడు. అక్కకు ఫోన్ చేసి, "వెలిగించలేదు గదా?" అని అడుగుతూ ఉండేదాన్ని. ఆమె మొదట ఓపికగా చెప్పింది, తర్వాత, "మే, నాకు బతకాలని లేదనుకుంటాండావా?" అని ఫోన్ పెట్టేసింది. పాపను మళ్లీ కంటి పరీక్షకు తీసుకుపోయారు. అద్దాలు అక్కర్లేదన్నారు. అద్దాలు బాగున్నాయని పాప ఊరికే పెట్టుకుంటోంది.

ఆ వారం చివర్లో బావే ఫోన్ చేశాడు. "రామ్మా, వచ్చి సూడు," అన్నాడు. అంతే.

పోయి చూస్తే పంచ గోడకు కింది భాగంలో, నేలకు జానెడు ఎత్తున, రాతిజాలీ బిగించి ఉంది. గుళ్లో గర్భగుడి పక్కన కనిపించేలాంటిది, నల్లరాతిలో చెక్కింది. తలుపు లేదు, రెక్క లేదు, మూసేందుకు గొళ్లెం లేదు. కన్నాలు పిల్లి దూరనంత, గాలి ఆగనంత. వెనక సన్నటి దోమల వల వేశాడు, అది కూడా ఊడదీసి కడిగేలా. గోడ పై భాగంలో ఇంకొకటి అలాంటిదే. విగ్రహాల పని పక్కన పెట్టి, షెడ్డులో కూర్చుని చెక్కాడట.

"దీన్ని ఎట్ల మూస్తాదో మీ అక్క, సూస్తా," అన్నాడు.

"గుడ్డ కుక్కుతా," అంది అక్క వెంటనే. ఆ మాటకు పాప పగలబడి నవ్వింది. పడిపోయిన తర్వాత నేను ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి. ఆ నవ్వుకు అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "కుక్కను లే," అంది నెమ్మదిగా.

సందువైపు గోడకు బావ కొట్టిన కన్నాన్ని అంతే గుండ్రటి రాయితో మూసేశాడు.

ఊదుబత్తి ఈసారి పాప పట్టుకుంది. కిటికీ మూశాం. పెరటి తలుపు మూశాం. ఫ్యాను వేశాం. గీజర్ వెలిగించాం. పొగ ఒక్క క్షణం నిటారుగా నిలబడింది. తర్వాత గొట్టం వైపు వంగి, లోపలికి పోయింది. చాలాసేపు చూశాం. ఎవరం చాలు అనలేదు. బూడిద రాలి పాప వేళ్ల మీద పడింది. అయినా గీజర్ మండేటప్పుడు ఫ్యాను వేయకూడదని అక్క తనకు తానే నియమం పెట్టుకుంది. ఏడాదికోసారి గొట్టంలో పిచ్చుకగూడు లేదా తుప్పు ఉందేమో చూడాలని పనాయన చెప్పి పంపాడు. ఆ మాట బావ రెండుసార్లు మాకే మళ్లీ చెప్పాడు.

తర్వాత పాప తువ్వాలు తీసుకుని బాత్రూంలోకి పోయింది. తలుపు దగ్గరగా వేసుకుంది, గడియ లేదు. నేను బయట మోడా వేసుకుని కూర్చున్నాను.

"పాపా?"

"ఆఁ."

నీళ్ల చప్పుడు. కొంచెం ఆగి మళ్లీ పిలిచాను.

"ఉండా చిన్నమ్మా."

లేచి పంచలోకి పోయి జాలీ దగ్గర అరచేయి పెట్టాను. చల్లటి గాలి వేళ్లకు తగిలింది. మళ్లీ తలుపు దగ్గరికి వచ్చాను. "తల నొస్తాందా?"

"చిన్నమ్మా! మాటిమాటికీ పిలవద్దు. జవాబు చెప్పబోతే సబ్బు నోట్లోకి పోతాంది."

బావ షెడ్డుకు పోవడం మానేసి అరుగు మీద కూర్చుని బీడీ కూడా వెలిగించకుండా ఉన్నాడు. పాప తల తుడుచుకుంటూ బయటికి వచ్చినప్పుడు ఆయన లేచి, ఏదో మర్చిపోయినవాడిలా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఇది జరిగి ఒక చలికాలం దాటింది. రెండోది నడుస్తోంది. వాళ్లింట్లో ఇంకెవరికీ తలనొప్పులు లేవు. నాకు మాత్రం స్థిమితం రాలేదు. పెళ్లికి పోయి ఎవరింట్లో దిగినా, కాఫీ కంటే ముందు బాత్రూం చూస్తాను. మా ఆయన దాన్ని జబ్బు అంటాడు.

మొన్న పొద్దున ఒక ఆయన షాపుకొచ్చాడు. కోయిలకుంట్ల నుంచి వచ్చి ఈమధ్యే నంద్యాలలో ఇల్లు బాడుగకు తీసుకున్నారట. భార్యకు తలనొప్పి, మాత్ర ఇమ్మన్నాడు.

"ఎప్పుడొస్తాది నొప్పి?" అన్నాను.

"పొద్దునపూట. నీళ్లు పోసుకుని వచ్చినంక."

మాత్రలు కత్తిరిస్తున్న నా చేయి ఆగింది. "మీ ఇంట్లో గ్యాస్ గీజరా?"

"ఆఁ. ఇంటోళ్లదే. ఎందుకు?"

"బాత్రూంలోనేనా? దానికి గొట్టం ఉందా?"

ఆయన బండి మీద చిన్నబిడ్డను కూర్చోబెట్టి వచ్చాడు, బడి టైం అవుతోంది. "సూస్తాలే అమ్మా," అని మాత్రలు తీసుకుని జేబులో వేసుకుని బండి ఎక్కాడు. నేను కౌంటర్ చుట్టూ తిరిగి మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేసరికి ఆయన ఆటోల మధ్యలో కలిసిపోయాడు. "కిటికీ తెరవండి! గీజర్ వాడొద్దు!" అని అరిచాను. పక్క షాపుల వాళ్లు తిరిగి చూశారు. ఆయనకు వినపడిందో లేదో తెలియదు. ఇల్లెక్కడో అడగలేదు. ఆరోజు నుంచి పొద్దునపూట కౌంటర్ దగ్గర మా ఆయనను నిలబెట్టి, నేను షాపు మెట్ల మీద నిలబడి, ఆ బండి మళ్లీ వస్తుందేమో అని రోడ్డు చూస్తున్నాను.